చెనిక్కాయ వేరూ, సంఘం పద్దూ

పావగడ తాలూకాలో వేరుశెనగ ఎరుగనివారు లేరు. మా అరసికెరె వైపు మగ్గమున్న ఇండ్లనుండి సైతం కాలమునకు చెనిక్కాయ పీకుటకు పోవువారు కలరు. మొక్కను పెరికి మన్ను దులిపినచో వేళ్ళకు ఆవగింజలంతేసి బుడిపెలు కనబడును. చీడ యని భ్రమపడుట కద్దు. గోటితో చిదిమి చూడుడు. లోపల ఎర్రగా నున్నచో అది చీడ కాదు, మొక్కకు అన్నము వండు ఇల్లు.

ఆ బుడిపెలలో కంటికి కనరాని సూక్ష్మజీవులు కాపురముండును. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని యున్నను ఏ మొక్కయు దానిని ఉన్నదున్నట్లు వాడుకొనలేదు. ఈ జీవులు దానిని ఎరువుగా మార్చి యిచ్చును. బదులుగా మొక్క తన ఆకులలో ఎండ సాయమున చేసికొన్న చక్కెరలో కొంత వాటికి పంపును. జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886–1888 మధ్య దీనిని రుజువు చేసిరి. ఆ పేర్లు వినకయే మన రైతులు పంట మార్చి పప్పుజాతి వేయుచుండిరి, అది వేరు మాట.

మాకు ముఖ్యముగా తోచినది మరొకటి. 2003లో సోయాచిక్కుడుపై ఒక పరీక్ష ప్రకటించిరి. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలోని నత్రజనిని తీసివేసి, లోని జీవులు పని చేయలేనట్లు చేసిరి. మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువు తగ్గించినట్లును, అచ్చట జీవుల వృద్ధి కుంటుపడినట్లును తేలినది. అనగా మొక్క లెక్క చూచుకొనుచున్నది! చేనికి నత్రజని ఎరువు మితిమీరి వేసినను బుడిపెలు తగ్గిపోవును.

సంఘముల సంగతియు ఇట్టిదే. సంఘమిచ్చిన నూలుతో నేసి, నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని బట్టను బయటి షావుకారుకు వేయువారు కలరు. ఆ నూలు బాకీ తక్కిన సభ్యుల నెత్తిన పడును. అట్లని తప్పంతయు నేతగానిదే యని మేమనము. బట్ట తీసికొని కూలి నెలల తరబడి నిలిపిన సంఘములు లేవా? చక్కెర అందని బుడిపె ఎన్నాళ్ళు పనిచేయును? పిల్లవాని ఫీజు కట్టవలసిన తండ్రి షావుకారు గడప ఎక్కక ఏమి చేయును?

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది కూడి సహకార దుకాణము పెట్టిరి. వారిలో నేతగాండ్రును కలరు. లాభమును వాటాధనమును బట్టి గాక, ఎవరెంత సరుకు కొనిరో దానిని బట్టి పంచిరి. నేసిన కూలిని బట్టి బోనసు ఇచ్చు పద్ధతి దీనికి చుట్టమే.

కావున సభ్యులు పాస్‌బుక్కులో నూలు తూకము, అప్పగించిన బట్ట తూకము, కూలి ముట్టిన తేదీ ఒకే పుటలో వ్రాయించుకొనుడు. తరుగు మీద తగవు వచ్చినపుడు ఆ పుట ఇరువురికిని పనికివచ్చును.