తిరువూరు పరిసరాల పర్యాటక ప్రదేశాలు

తిరువూరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని ఎన్టీఆర్ జిల్లాకు చెందిన పట్టణం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. తెలంగాణ సరిహద్దుకు అతి చేరువలో, విజయవాడకు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పర్యాటక కేంద్రంగా ఈ పట్టణానికి పెద్దగా పేరు లేదు. అయితే కృష్ణా, గోదావరి నదుల నడుమ ఉండుట వలన, కొండకోట, బౌద్ధ గుహలు, అడవులు, నదీ లోయ, మంచినీటి సరస్సు, సముద్రతీరం – ఇన్నింటినీ ఇక్కడి నుండి చిన్న చిన్న ప్రయాణాలలో చూడవచ్చును.

భౌగోళిక నేపథ్యం

తిరువూరు ప్రాంతం మెట్ట భూమి. మామిడి, ప్రత్తి, మిరప, మొక్కజొన్న ఇక్కడి ముఖ్యమైన పంటలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు ఈ ప్రాంతంలోనిదే. ఉత్తరాన ఖమ్మం వైపు నేల క్రమంగా అడవులలోకి, తూర్పు కనుమలలోకి సాగుతుంది. దక్షిణాన కొండపల్లి కొండల శ్రేణి, దానిని దాటితే కృష్ణా నది. ఆగ్నేయంగా నేల పల్లమై డెల్టాలో కలుస్తుంది.

ఈ ప్రాంతపు ప్రదేశాలను విడివిడిగా కాక, నీటి దారిని బట్టి చూసినచో వాటి సంబంధం సులభంగా అర్థమౌతుంది. మైలవరం ప్రాంతపు కొండలలో కురిసిన వాన బుడమేరుగా మారుతుంది. ఆ ఏరు విజయవాడ ప్రక్కగా సాగి కొల్లేరు సరస్సును చేరుతుంది. ఖమ్మం వైపు పుట్టిన తమ్మిలేరు ఏలూరు మీదుగా అదే సరస్సులో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపు ప్రాంతాలు రోజుల తరబడి మునిగిపోయినపుడు ఈ సంబంధం అందరికీ తెలిసివచ్చింది.

సమీప ప్రదేశాలు

గంపలగూడెం మండలంలోని నెమలి గ్రామంలో గల వేణుగోపాలస్వామి ఆలయం ఈ ప్రాంతంలో పేరుపొందిన క్షేత్రం. సరిహద్దుకు ఇరువైపుల నుండి భక్తులు వస్తారు. మామిడి తోటలకు ప్రసిద్ధి చెందిన నూజివీడు ఒకప్పుడు జమీందారీ కేంద్రం. పనసకర్రతో వీణలు తయారుచేసే కళాకారుల వలన కూడా ఈ ఊరికి పేరు వచ్చింది.

కొండపల్లి

కొండపల్లి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో నిర్మింపబడినది. తరువాత గజపతులు, విజయనగర రాజులు, కుతుబ్‌షాహీలు, మొగలులు దీనిని ఏలారు. శ్రీకృష్ణదేవరాయలు తన కళింగ దండయాత్రలో ఉదయగిరి, కొండవీడు కోటల తరువాత దీనిని జయించాడు. 18వ శతాబ్దంలో ఇది ఆంగ్లేయుల వశమైనది.

కోట కంటె ఎక్కువగా ఈ ఊరి పేరును నిలిపినవి కొయ్యబొమ్మలు. వీటిని తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నపు పూత వేసి, ఆరిన తరువాత రంగులు అద్దుతారు. దశావతారాలు, ఏనుగు అంబారీ, పల్లె జీవితపు బొమ్మలు ప్రసిద్ధమైనవి. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే గుర్తింపు వలన చెట్లు పెరగవు. పరిసర అడవులలో తెల్ల పొణికి తగ్గిపోవుట ఈ వృత్తికి పెద్ద చిక్కు. కావున కొండపల్లి అడవిని చూడకుండా బొమ్మల కాలనీని మాత్రమే చూసినవారికి కథలో సగమే తెలుస్తుంది.

బౌద్ధ క్షేత్రాలు

కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం వద్దనున్న గుంటుపల్లి గుహలు క్రీస్తు పూర్వపు బౌద్ధ విహారాలు. ఇక్కడి వర్తులాకార చైత్యగృహం విశేషమైనది. కర్రదూలాలతో వేసిన గుడిసె పైకప్పు లోపల ఎట్లుండునో, అదే ఆకారాన్ని శిల్పులు రాతిలో చెక్కారు. బీహారులోని లోమశ ఋషి గుహలో కూడా ఇటువంటి పద్ధతి కనిపిస్తుంది. అంతకు పూర్వం కర్రతో కట్టిన కట్టడాలేవీ మిగలలేదు గనుక, వాటి రూపాన్ని ఊహించుటకు ఇటువంటి గుహలే ఆధారం.

జగ్గయ్యపేటలోని ధనంబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. ఇక్కడ లభించిన చక్రవర్తి శిల్పఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. స్థలాన్ని చూసినవారు ఆ శిల్పాన్ని కూడా చూడగలిగితే మంచిది.

భద్రాచలం, కిన్నెరసాని

30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగా కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం చేరుతుంది. పాల్వంచ సమీపంలో కిన్నెరసాని నదిపై జలాశయం, దాని చుట్టూ అభయారణ్యం ఉన్నాయి. జలాశయంలో మొసళ్ళు ఉన్నందున నీటిలో దిగరాదు. విశ్వనాథ సత్యనారాయణ రచించిన "కిన్నెరసాని పాటలు" ఈ నది పేరున వెలసినవే.

భద్రాచలంలోని శ్రీసీతారామచంద్రస్వామి ఆలయానికి 17వ శతాబ్దికి చెందిన కంచర్ల గోపన్న చరిత్రతో విడదీయరాని సంబంధం ఉన్నది. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న ఆయన ఆలయ నిర్మాణం విషయమై గోల్కొండలో బందీగా ఉన్నాడు. భక్త రామదాసుగా ఆయన రచించిన కీర్తనలు నేటికీ పాడబడుతున్నాయి. 2014 రాష్ట్ర విభజన సమయంలో చుట్టుప్రక్కల గ్రామాలు అనేకం ఆంధ్రప్రదేశ్‌లో కలువగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలినది.

ఇక్కడికి వర్షాకాలంలో వచ్చేవారు గోదావరి నీటిమట్టాన్ని గమనించాలి. మట్టం 43 అడుగులకు చేరినపుడు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరికను జారీ చేస్తారు. 1986లో ఇది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా చేరినది.

పాపికొండలు

తూర్పు కనుమలను చీల్చుకొని గోదావరి ఇరుకుగా ప్రవహించే చోటు పాపికొండలు. ఈ అడవులు 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడినవి. కొండరెడ్లు, కోయలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. రాజమండ్రి వైపు నుండి, భద్రాచలం వైపు నుండి కూడా పడవ ప్రయాణం చేయవచ్చును. నది ఒడ్డునగల పేరంటాలపల్లి ఆశ్రమం ముఖ్యమైన మజిలీ.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, గోదావరి వరదలో ఉండగా పర్యాటకుల పడవ మునిగి అనేకమంది మరణించారు. ఆ తరువాత పడవల రాకపోకలపై నియంత్రణ పెరిగినది. వరద ఉన్నపుడు ప్రయాణాలను నిలిపివేస్తారు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కరాదు.

పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ మేరకు నీరు నిలిచినపుడు ఈ లోయలోని గ్రామాలు, పొలాలు మునుగుతాయి. పర్యాటకులకు ఇది దృశ్యంలో మార్పు మాత్రమే. గిరిజన కుటుంబాలకు మాత్రం ఇల్లు, అడవి, జీవనాధారం కోల్పోవుట. పునరావాసం ఇక్కడి ప్రధాన సమస్య.

కొల్లేరు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. వరదనీటిని నిలిపి ఉంచి, మెల్లగా సముద్రానికి వదలుట దీని సహజ ధర్మం. ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. చిత్తడి నేలల రక్షణ కొరకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో జరిగిన ఒప్పందం పేరే ఆ జాబితాకు వచ్చినది.

సరస్సు గర్భంలో చేపల చెరువులు వెలసి నీటి ప్రవాహానికి అడ్డుపడగా, 2006లో ప్రభుత్వం వాటి గట్లను తొలగించింది. చెరువులపై ఆధారపడిన లంక గ్రామాలవారి జీవనం, సరస్సు రక్షణ – ఈ రెండింటినీ సమన్వయపరచుట నేటికీ కష్టంగానే ఉన్నది. కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులను దగ్గర నుండి చూడవచ్చును. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఆలయం ఉన్నది.

మచిలీపట్నం తీరం

మచిలీపట్నంలో ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరం నెలకొల్పారు. ఇక్కడి కలంకారీ వస్త్రాలు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. నేడు ఈ పని ఎక్కువగా పెడనలో జరుగుతున్నది. మంగినపూడి వద్ద సముద్రతీరం, హంసలదీవి వద్ద కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడదగినవి. 1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుఫాను, ఉప్పెనలలో పదివేలమందికి పైగా మరణించారు.

అనువైన కాలం

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనుకూలం. కొల్లేరులో వలసపక్షులు కనిపించేది కూడా ఆ నెలలలోనే. మామిడిపండ్ల కాలం ఏప్రిల్, మే నెలలు. అయితే అప్పుడు ఎండ తీవ్రంగా ఉంటుంది. తిరువూరుకు రైలు మార్గం లేదు. విజయవాడ వరకు రైలులో వచ్చి, అక్కడ నుండి బస్సులో చేరవచ్చును.