అహమ్మదాబాదు శ్రామికస్త్రీల సంఘము



మా వారు పాఠశాలలో పంతులగుటచే జనాభా లెక్కలు వ్రాయు పని వారిపై బడుచుండును. ఒక పర్యాయము వారితో నేనును మా యూరి చివర పేటకు బోయితిని. ఒక యింటి ముంగిట వారు "ఏమి పని చేయుదువమ్మా?" యని యడుగగా, "నాకు పనేముంది బాబూ, ఇంటికాడనే ఉంటాను" అని యా యిల్లాలు బదులు చెప్పినది. తెల్లవారుజామున తోటలకు నడచి పోయి, ఆకుకూరలు దెచ్చి, యిల్లిల్లు తిరిగి యమ్మునది యామెయే. కూరల గంప యప్పుడు కూడ నామె చంకనే యున్నది! మా వారు కలము పట్టుకొని నా వంక జూచి, "కూరల వ్యాపారము" అని వ్రాసికొనిరి. అది విని యామె నవ్వినది.

తమ పనిని తామే పనిగా నెన్నని స్త్రీలు సంఘముగా గూడుట యెట్లు? గూడినను వారిని కార్మికులని యొప్పుకొను వారెవరు? ఈ చిక్కును విప్పిన స్త్రీలు అహమ్మదాబాదులో నుండిరి. వారి వృత్తాంతము మనమందరము తెలిసికొనదగినది.

అహమ్మదాబాదు నూలుమిల్లులకు పేరు మోసిన పట్టణము. అచ్చటి మిల్లు యజమానుల కుటుంబమున 1885లో అనసూయా సారాభాయి జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులు గతించిరి. పదుమూడవ యేట వివాహమైనది. ఆ కాపురము నిలువలేదు. 1912లో ఇంగ్లండునకు బోయి కొంత చదివి వచ్చినది. ఒకనాటి యుదయము ఆమె వాకిట గూర్చుండి పిల్లలకు తల దువ్వుచుండగా, కొందరు కూలివారు నిద్రలో నడచువారివలె దూలుచు బోవుచుండిరి. పిలిచి యడుగగా, రెండు రాత్రులు నొక పగలు, ముప్పదియాఱు గంటలు ఎడతెగక మిల్లులో పనిచేసి వచ్చుచున్నామని చెప్పిరి. ఆ దువ్వెన పట్టిన చేయియే కార్మికుల జెండాను బట్టినది. 1918లో మిల్లు కార్మికులు నూటికి 35 వంతులు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. గాంధీమహాత్ముడు వారికై యుపవాసము చేసెను. అవతలి పక్షమున యజమానులకు పెద్ద యెవరు? అనసూయాబెన్ తమ్ముడు అంబాలాలే. తమ్మునిపై ప్రేమ పోలేదు, పక్షమును మారలేదు. 1920లో మజూర్ మహాజన్ అను వస్త్రకార్మికుల సంఘ మేర్పడినది. ఇంత పెద్ద కార్మికసంఘమునకు మూలము ఒక స్త్రీ యను సంగతి ముందుగా మనసున నుంచుకొనుడు.

ఏలయన, ముప్పదినాలు గేండ్లు గడచిన పిదప, 1954లో, ఆ సంఘమున స్త్రీల విభాగ మొకటి తెరచిరి. అందు నేర్పినదేమి? కుట్టుపని, అల్లిక, నూలు వడకుట మొదలైనవి. నేర్చుకొన వచ్చినవారు మిల్లు కార్మికుల భార్యలు, కుమార్తెలు. కుట్టుపనిని నేను చులకన చేయుట లేదు. మా పిల్లల చొక్కాలు నేనే కుట్టుదును. కాని స్త్రీకి సంఘములో ప్రవేశము దొరకినది కార్మికుని భార్యగా, కార్మికురాలిగా గాదు.

1955లో ఆ సంఘపు న్యాయశాఖలో ఇలా భట్ అను యువతి పనికి జేరినది. 1968లో స్త్రీల విభాగ మామె చేతికి వచ్చినది. ఆ కాలముననే రెండు పెద్ద మిల్లులు మూతపడినవి. పని పోయిన మగవారి యిండ్లకు బోయి చూడగా, పురుషులు న్యాయస్థానముల చుట్టు దిరుగుచుండ, పొయ్యిలో పిల్లి పండుకొనకుండ జూచుచున్నది ఆడువారని తెలిసినది. ఒకతె కూరలమ్మును, ఒకతె బీడీలు చుట్టును, ఒకతె పాతగుడ్డలు కొని బాగుచేసి యమ్మును. మిల్లు మగవానికి చట్టమున్నది, సంఘమున్నది. వీరికి రెండును లేవు.

1971లో గుడ్డల బజారున బండ్లు లాగు స్త్రీలు కొందరు తల దాచుకొనుటకు చోటు లేదని మొరపెట్టుకొన వచ్చిరి. వారి వెంట బోయిన ఇలాబెన్‌కు మూటలు మోయు స్త్రీలు కనబడిరి. వారు టోకు దుకాణము నుండి చిల్లర దుకాణములకు నెత్తిన గుడ్డల బేళ్లు మోయుచుందురు. దూరమెంతయైనను, బరువెంతయైనను, తడవకింత యని కూలి. ఎన్ని తడవలు మోసితిరో వ్రాసియుంచువారు లేరు. ఆమె యీ సంగతి పత్రికలో వ్రాయగా వర్తకులకు కోపము వచ్చినది. మేము న్యాయమైన కూలియే యిచ్చుచున్నామని వారును పత్రికలో ప్రకటించిరి. చూచితిరా వారి తొందర! స్త్రీల విభాగము వా రా ప్రకటనలోని మాటలనే చిన్న కార్డులపై నచ్చు వేయించి, మూటలు మోయు వారికి పంచిపెట్టిరి. కూలి దగ్గర పేచీ వచ్చినప్పుడు కార్డు చూపి, "అయ్యా, మీరు వ్రాసినదే గదా" యని యడుగవచ్చును. ఎదుటివాని మాటతోనే యెదుటివానిని గట్టివేయు నేర్పు మన తర్కశాస్త్రములలో జదివితిని గాని, నెత్తిన మూటలున్న వారి చేతులలో నింత చక్కగా నమరునని యెరుగను.

ఈ వార్త పాతగుడ్డలమ్ము స్త్రీల చెవిని బడినది. ఆ డిసెంబరులో ఒక తోటలో సభ చేయగా నూర్గురకు పైగా వచ్చిరి. మనకొక సంఘము వలయునని వారిలో నొకతె లేచి పలికినది. ఆ సంఘమే "సేవా". దాని నమోదుకై దరఖాస్తు చేయగా ప్రభుత్వ కార్మికశాఖవా రొక ధర్మసూక్ష్మము తీసిరి. మీకు యజమాని యెవడు? యజమాని లేనిచో ఎవరిపై పోరాడుదురు? ఎవరిపై పోరాడనిచో సంఘమెందుకు? సంఘము కార్మికులను కలుపుటకే గాని, తప్పక యొకనితో తగవులాడుటకే కాదని వీరు పట్టుబట్టి వాదించిరి. 1972 ఏప్రిలులో నమోదైనది. మజూర్ మహాజన్ అధ్యక్షుడు అరవింద్ బుచ్ దీనికిని అధ్యక్షుడు, ఇలాబెన్ కార్యదర్శిని. అనసూయాబెన్ పరమపదించినది కూడ ఆ 1972లోనే.

తరువాత వచ్చినది అప్పుల సంగతి. ఉదయము వడ్డీకి దెచ్చి సాయంకాలము తీర్చు స్త్రీలకు బ్యాంకులలో ప్రవేశము లేదు. మనము బీదలమైనను అనేకులము గదా, మనకే బ్యాంకు ఏల యుండరాదని పాతగుడ్డలమ్మునామె యడిగినదట. 1974లో నాలుగు వేల మంది తలకు పది రూపాయల చొప్పున వేసి సహకార బ్యాంకు స్థాపించిరి. నమోదు కాగితములపై సంతకము చేయవలసిన స్త్రీలకు అక్షరములు రావు. మఱునాడు చేయి తప్పకుండుటకై రాత్రియంతయు మేలుకొని తమ పేర్లు దిద్దుకొనిరి! అక్షరాభ్యాసమునకు ముహూర్తము చూచు మనకు ఆ రాత్రి యెంత శుభముహూర్తమో తోచక మానదు. సంతకము రానివారి గుర్తునకు పాసుపుస్తకముపై ఛాయాచిత్రము లంటించిరి.

ఇంతవరకు తల్లిసంఘము నీడ యుండెను. 1981లో అది తొలగినది. వైద్యకళాశాలలలో హరిజన విద్యార్థులకు కేటాయించిన స్థానములను వ్యతిరేకించుచు గుజరాతున గొప్ప అల్లరులు చెలరేగినవి. హరిజనుల యిండ్లు తగులబడినవి. మజూర్ మహాజన్ పెద్దలు నోరు మెదపలేదు. సేవాసభ్యులలో హరిజన స్త్రీలనేకులు. ఇలాబెన్ బ్రాహ్మణ స్త్రీ. అయినను ఆమె బహిరంగముగా హరిజనుల పక్షమున మాటలాడినది. ఆమె యింటిపై రాళ్లు పడినవి. మజూర్ మహాజన్ సేవాసంఘమును వెలివేసినది. వయసు వచ్చిన బిడ్డ మాట వినలేదని తల్లి యింటినుండి గెంటినట్లయినది. సంఘక్రమశిక్షణ యని వారి వాదము. నేను దానిని పలుమార్లు తలపోసితిని. సభ్యురాలి గుడిసె మండుచుండ మౌనముగా నుండుమను క్రమశిక్షణ నాకు మింగుడు పడలేదు.

వెలి వేయబడినది చిన్నబోలేదు. ఇంట గూర్చుండి బీడీలు చుట్టువారు, బట్టలు కుట్టువారును కార్మికులేయని 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థవారు ఒప్పందము చేయుటకు సేవావారు చేసిన కృషి చాల గలదు. వీధులలో సరకులమ్ము వారికై 2014లో మన దేశమున చట్టము వచ్చినది. ఇలాబెన్ 2022 నవంబరులో స్వర్గస్థురాలైనది.

అహమ్మదాబాదు మిల్లులో? 1980 తరువాత నొక్కటొక్కటిగా మూతపడినవి. మజూర్ మహాజన్ సభ్యులు వేలకొలది పనులు గోల్పోయి యిండ్లు చేరిరి. అనేకుల యిండ్లలో ఆ నెల బియ్యము దెచ్చినది సంఘమున చోటులేని యా యాడువారి గంపయే.