ఒకే ఇంట రెండు వీడ్కోళ్ళు

న్యూయార్క్ నగరంలో పెర్ల్ వీధి మూలన ఫ్రాన్సెస్ పానశాల అను ఎర్రయిటుకల మేడ కలదు. 1907 నుండి అది ప్రదర్శనశాల. 1783 డిసెంబరు 4న జార్జి వాషింగ్టన్ తన సేనానులను ఒక్కొక్కరిగా కౌగిలించుకొని కన్నీటితో వీడ్కోలు పలికినది మేడమీది పొడవాటి గదిలోనే. సందర్శకులు ముందుగా చూడగోరేది దానినే.

కాని ఆ యేడే మే నుండి నవంబరు వరకు, బ్రిటిషు సేనలు నగరం విడువకమునుపు, ఈ ఇంటనే మరొక విచారణ జరిగినది. తమ పక్షాన చేరిన బానిసలకు స్వేచ్ఛ నిచ్చెదమని బ్రిటిషువారు లోగడ మాట యిచ్చి యుండిరి. ఆ మాట నమ్మి వచ్చిన నల్లజాతివారిని యజమానులు మరల కోరగా, ఆ తగవులు ఇచ్చట తీర్చబడినవి. నెగ్గినవారు ఓడలెక్కి నోవాస్కోషియా మొదలగు చోట్లకు తరలిరి; ఓడినవారికి మరల దాస్యమే గతియైనది.

వాషింగ్టన్ గదిని చూచినవారు ఈ కథను కూడ తెలిసికొని మెట్లు దిగవలెను.