సర్కారీ స్కూల్లో ప్రార్థన, హిజాబ్, జుమా: చట్టం ఏమంటోంది?

అసెంబ్లీలో అందరూ చేతులు జోడించి ప్రార్థన పాడుతుంటే మా బాబు ఏం చేయాలి? హిజాబ్ తీసేసి రమ్మంటే పాపను బడి మాన్పించాలా? ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న చాలా ముస్లిం ఇళ్లలో వినిపించే ప్రశ్నలివి. వీటన్నిటికీ ఒకే జవాబు లేదు. బడి పిల్లల మీద రుద్దకూడనిది వేరు, పిల్లలు బడిలో పాటించుకోగలిగేది వేరు. మొదటిదానిపై చట్టం స్పష్టంగా ఉంది. రెండోదానిపై అంత స్పష్టత లేదు.

బలవంతం కుదరదు

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన చేయకూడదని రాజ్యాంగంలోని 28వ అధికరణ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే సంస్థల్లో కూడా మత బోధనలో, పూజా ప్రార్థనల్లో పాల్గొనాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. మైనర్ పిల్లలైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకుల అనుమతి తప్పనిసరి. అయితే అన్ని మతాల గురించి పాఠంగా చెప్పడం మత బోధన కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పుస్తకంలో వేరే మతం గురించి పాఠం ఉందని అభ్యంతరపెట్టడం కుదరదు.

మౌనంగా నిలబడితే తప్పా? కాదు. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు తమ విశ్వాసం ప్రకారం జాతీయగీతం పాడలేదు. కానీ గౌరవంగా లేచి నిలబడేవారు. 1985లో బడి వాళ్లను బహిష్కరించింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరొందిన ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన తెలుగువారే.

హిజాబ్ సంగతి

కర్ణాటక ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 5న ఇచ్చిన యూనిఫాం ఉత్తర్వును మార్చి 15న అక్కడి హైకోర్టు సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని కొట్టేశారు, ఆడపిల్లల చదువు ఆగకూడదన్నదే ఆయన వాదనలో ముఖ్యం. దాంతో విషయం ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. అంటే ఈ రెండిట్లో ఏదీ దేశమంతటికీ తుది మాట కాదు. కర్ణాటక హైకోర్టు తీర్పు ఏపీ, తెలంగాణ బడులకు దానంతటదే వర్తించదు.

నీట్ రాసే అమ్మాయిలు హిజాబ్‌తో వెళ్లొచ్చు. కాకపోతే తనిఖీ కోసం సెంటర్‌కు ముందుగానే చేరుకోవాలి.

జుమా మాటేంటి?

శుక్రవారం నమాజ్‌కు పిల్లల్ని పంపాలని రాజ్యాంగంలో ప్రత్యేక నిబంధన లేదు. హెడ్‌మాస్టర్‌ను అడిగి, ఏ పాఠం పోకుండా సమయం కుదుర్చుకోవడమే దారి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

గేటు దగ్గర గొడవ పడితే నష్టం పిల్లలకే. ముందు హెడ్‌మాస్టర్‌తో మర్యాదగా మాట్లాడాలి. పని కాకపోతే దరఖాస్తు రాసివ్వాలి, ఒక కాపీ మీద సంతకం, తేదీ తీసుకుని దాచుకోవాలి. అప్పటికీ కుదరకపోతే ఎంఈవో, ఆపైన డీఈవో ఉన్నారు. నోటి మాటగా ‘రావద్దు’ అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగొచ్చు.

ఫిర్యాదు తేలడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా పాప బడి మాత్రం మాన్పించొద్దు. ఒకసారి ఆగిన చదువు మళ్లీ మొదలవడం ఎంత కష్టమో మన ఇళ్లలో అందరికీ తెలిసిందే.