విరిగే గేరు కన్నా జారే బెల్టు మేలు

పటాన్‌చెరు: రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి పోయే రహదారి వెంట పెద్ద ఫ్యాక్టరీల ప్రహరీ గోడలే ముందుగా కంటబడతాయి. వాటి నడుమ రేకుల షెడ్లూ ఉన్నాయి. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, వీలైతే ఒక చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకుని జాబ్ వర్క్ మీద బతికే షెడ్లు అవి. ఇటువంటి చోట మెషిన్ ఆగిన రోజు కూలి పోయిన రోజే.

లేత్ మీద ఇనుప కడ్డీ తిరుగుతుంది, కోసే పనిముట్టు తిరగదు. మిల్లింగ్ మెషిన్‌లో ఇది తారుమారు. కట్టర్ తిరుగుతుంది, బల్లకు బిగించిన ఇనుము దాని కిందికి జరుగుతుంది. షాఫ్టు మీద పుల్లీ జారకుండా వేసే కీకి గాడి తీసేది ఈ మెషినే.

పళ్లు రాలడం ఎందుకు?

చైనాలో తయారై ప్రపంచమంతా అమ్ముడుపోయే ఎక్స్ 2 రకం చిన్న మిల్లింగ్ మెషిన్లలో మోటారు బలం కట్టర్‌కు ప్లాస్టిక్ గేర్ల ద్వారా చేరుతుంది. కట్టర్ ఇనుములో ఒక్కసారిగా ఇరుక్కుంటే ఆ దెబ్బకు గేరు పళ్లు రాలిపోతాయి. మెత్తని గేరు విరగడం వల్ల మోటారు దక్కే మాట నిజమే. కాని గేరు మార్చాలంటే తలభాగం విప్పాలి. ఆ గేరు ఊళ్లో ప్రతి షాపులో దొరికే సరుకు కాదు. అందుకే గేర్లు తీసేసి పుల్లీలు, బెల్టు అమర్చుకునే పద్ధతి పలు దేశాల్లో ఉంది.

పల్లెవాసులకు ఇది కొత్త సంగతి కాదు. గిర్నిలో గింజ ఎక్కువ పడి రాయి పట్టేస్తే పట్టా జారుతుంది, లేదా ఊడి పడుతుంది. మళ్లీ ఎక్కిస్తే పని సాగుతుంది. మిల్లింగ్ మెషిన్‌లోనూ అంతే. బెల్టు జారి కీచుమని హెచ్చరిస్తుంది. గేర్ల రొద కూడా తగ్గుతుంది. బెల్టు అనగానే చిన్నచూపు అక్కరలేదు. 1938లో అమెరికాలో వచ్చి పేరుపొందిన బ్రిడ్జిపోర్ట్ మిల్లింగ్ మెషిన్ కూడా మెట్ల పుల్లీల మీద బెల్టుతో నడిచినదే.

లెక్క తేలికే

మోటారు వేగాన్ని మోటారు పుల్లీ కొలతతో హెచ్చించి, కట్టర్ వైపు పుల్లీ కొలతతో భాగిస్తే కట్టర్ వేగం తెలుస్తుంది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు 3 అంగుళాల పుల్లీ, ఎదురు 6 అంగుళాల పుల్లీ వేస్తే కట్టర్ 720 చుట్లు తిరుగుతుంది. మెత్తని ఇనుము మీద 12 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ కట్టర్‌కు ఇది సరిపోతుంది. 6 మిల్లీమీటర్ల కట్టర్‌కు దీనికి రెట్టింపు వేగం కావాలి. పుల్లీలకు రెండో మెట్టుగా రెండు వైపులా నాలుగున్నర అంగుళాలు పెట్టుకుంటే అదీ కుదురుతుంది.

మోటారు వేగాన్ని బిళ్ల తిప్పి తగ్గిస్తే దాని బలమూ తగ్గుతుంది. పుల్లీ మార్చి తగ్గిస్తే తిప్పే బలం పెరుగుతుంది. కనుక ఒక్క మెట్టుతో సరిపెట్టకుండా రెండు మెట్లు చేయించుకోవడం మంచిది.

వి ఆకారపు బెల్టు గాడి అడుగున ఆనకూడదు. దాని పట్టు అంతా పక్క గోడల మీదే. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం లాగి చూసుకోవాలి. పుల్లీల నడుమ దూరం అడుగు ఉంటే, బొటనవేలితో నొక్కినప్పుడు బెల్టు సుమారు 5 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకన్నా బిగిస్తే బేరింగులు పాడవుతాయి. వదులైతే కోత మధ్యలో జారుతుంది. బిగువు సవరించుకునేందుకు మోటారు పలకకు గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి గాళ్లు పెట్టాలి. నూనె బెల్టుకు తగలరాదు.

పళ్లున్న బెల్టు జారదు కదా, అదే వేద్దామని కొందరికి అనిపించవచ్చు. కాని జారకపోతే దెబ్బ తిరిగి మెషిన్‌కే తగులుతుంది. జారడమే ఇక్కడ రక్షణ. అలాగని బెల్టు అన్నింటికీ మందు కాదు. పెద్ద కట్టర్‌తో లోతుగా ఒకేసారి కోయాలంటే చిన్న మెషిన్ ఓర్చదు. కొద్దికొద్దిగా కోసుకోవాలి.

మూత లేనిదే స్విచ్ వేయరాదు

గేర్లు పెట్టె లోపల ఉంటాయి. బెల్టు మాత్రం బయటికి వస్తుంది. మార్పు చేసేవారు మరువరాని సంగతి ఇదే. తువ్వాలు కొస, చీర కొంగు, వదులు చొక్కా చేయి, ఏది చిక్కినా మోటారు ఆగి చూడదు. కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఇంటి వెనుక రేకుల కింద నడిచే ఒంటరి మెషిన్ దగ్గరికి తనిఖీ అధికారి రాకపోవచ్చు. వేళ్లు మాత్రం అక్కడా అవే. రేకుతోనో జాలీతోనో మూత చేయించి, బోల్టులతో బిగించిన తరువాతే కరెంటు ఇవ్వాలి. బెల్టు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

రెండు పుల్లీలు, ఒక బెల్టు, ఒక మూత. పుల్లీలను షెడ్డులోని లేత్ మీదే తిప్పుకోవచ్చు. బెల్టును నంబరు చెప్పి షాపులో తెచ్చుకోవచ్చు. అదనంగా ఒక బెల్టు మేకుకు తగిలించి ఉంచుకుంటే, తెగిన పూటే పని మళ్లీ మొదలవుతుంది.