ఏటిగట్టు క్రింది ఇసుక: దానిని బలపరచు విధము

గోదావరికి వరద వచ్చినపుడు నీరు ఏటిగట్టు మీదుగా పొర్లునేమోయని రైతులు భయపడుట సహజము. కాని గట్టు ఎంత ఎత్తుగా ఉన్నను, క్రింది ఇసుక పొర గుండా నీరు దారి చేసికొని పొలము వైపు ఊటగా పైకి రావచ్చును. ఆ నీటితో ఇసుక కూడ వచ్చుచున్నచో గట్టు క్రింద డొల్ల ఏర్పడి, గట్టు క్రుంగి గండి పడును. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించినది. నాటి గండ్లను పెద్దలు ఇంకను మరువలేదు.

ఇసుక నేలపై మరింత మన్ను పోసినంత మాత్రమున బలము చేకూరదు. ఇసుక కదలకుండ పట్టి ఉంచవలెను. నీటి దారిని మూయవలెను.

ధవళేశ్వరము ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించగా 1852లో పూర్తియైనది. అది నదీగర్భపు ఇసుక మీదనే నిలిచినది. ఇసుకలోనికి నూతులు దింపి వానిపై గోడ కట్టిరి. ఇసుక కోసుకొనిపోకుండ దిగువన పెద్ద రాళ్లు పరచిరి.

నేడు సిమెంటుతో చేయు పద్ధతిని గ్రౌటింగ్ అందురు. రాతి పగుళ్లలోనికి సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కించిన అవి గట్టిపడి పగుళ్లు మూసికొనును. సన్నని ఇసుకలో సిమెంటు పాలు చొరవు. అందుచే భూమిలోనికి గొట్టము దింపి, మిక్కిలి వేగముగల ధారతో ఇసుకను కోసి, అందులోనే సిమెంటును కలుపుదురు. అది స్తంభము వలె గట్టిపడును. స్తంభములను ఒకదానితో ఒకటి కలియునట్లు వరుసగా చేసిన అడ్డుగోడ ఏర్పడును. దీనినే జెట్ గ్రౌటింగ్ అందురు. 2018లో పోలవరము వద్ద కాఫర్ డ్యాము క్రింద ఈ విధముగనే చేసిరి.

ఇట్టి పనులు ఇంజనీర్లు చేయవలసినవి. రైతులు చేయదగినవి ఇవి:

1. గట్టు సమీపమున చెరువులు త్రవ్వరాదు. ఇటుకలకు మన్ను తీయరాదు. పైనున్న బంకమన్ను పొరయే ఇసుకకు మూత. దానిని తీసినచో ఊటకు దారి ఇచ్చినట్లగును.

2. వేసవిలో ఎలుక, పీత బొరియలను చివరి వరకు త్రవ్వి, చెమ్మగల బంకమన్నును పలుచని పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టవలెను. మూతి మాత్రము కప్పిన ప్రయోజనము లేదు.

3. వరద సమయమున గట్టు పాదమును రేయింబవళ్లు కనిపెట్టవలెను. ఊట నీరు తేటగా ఉన్నను గమనించుచుండవలెను. ఇసుకతో కలసి వచ్చుచున్నచో అది ప్రమాదము.

4. అట్టి ఊటను మన్నుతో మూయరాదు. మూసిన నీరు మరియొక చోట పెల్లగించుకొని వచ్చును. ఇసుక బస్తాలను చుట్టును నూతి ఒర వలె పేర్చవలెను. లోపల నీటి మట్టము పెరిగిన కొలది ఊట వేగము తగ్గును. ఇసుక ఆగి తేటనీరు వచ్చు వరకు మాత్రమే ఒరను ఎత్తు చేసి, ఆ నీరు పారిపోవుటకు దారి విడువవలెను.

5. ఊట కనబడిన చోట కర్ర పాతి గుర్తు పెట్టి, అర్ధరాత్రియైనను జలవనరుల శాఖ లస్కరుకు వెంటనే తెలుపవలెను.