నల్లరాయి దాచిన ఎముకలు

మదీనా వైపు కారులో వెళ్తుంటే దారి పక్కన మైళ్ల కొద్దీ నల్లరాళ్లు. ఎవరో బొగ్గులు పరిచారా అనిపించే ఆ నేలను ఇక్కడివాళ్లు 'హర్రా' అంటారు. అదంతా ఒకప్పటి లావా. 1256లో మదీనా దగ్గర 52 రోజులు పొంగింది. నిప్పు పారిన చోట ఇంకేం మిగులుతుందిలే అనుకుంటాం. కానీ మిగిలింది చాలానే ఉంది!

రాతిమూత

లావా తాకిన ప్రాణి బూడిదే. అంతకుముందే వాగు ఇసుకలో, చెరువు బురదలో కూరుకుపోయిన ఎముకల సంగతి వేరు. వాటిమీద లావా మూతలా గడ్డకడుతుంది. గాలివానలకు చుట్టుపక్కల మట్టి కొట్టుకుపోయినా మూత కింది పొర చాలాకాలం నిలుస్తుంది. పైగా లావా వయసు లెక్క కట్టొచ్చు. దాన్నిబట్టి కింది ఎముకల వయసూ అంచనాకు వస్తుంది.

హిజాజ్ కపాలం

మక్కా ప్రాంతంలోని హర్రత్ అల్ ఉజైఫాలో 2009లో ఒక వానర కపాలం దొరికింది. సౌదీ జియలాజికల్ సర్వే, అమెరికాలోని మిచిగన్ యూనివర్సిటీ పరిశోధకులు దానికి 'సాదానియస్ హిజాజెన్సిస్' అని పేరు పెట్టారు. వయసు 2.8 నుంచి 2.9 కోట్ల ఏళ్లు. కోతులు, తోకలేని వానరాలు వేర్వేరు దారులు పట్టకముందు వాటి ఉమ్మడి పూర్వీకులు ఎలా ఉండేవో ఊహించడానికి ఇది పెద్ద ఆధారం.

ఖైబర్ లావాలోని ఉమ్ జిర్సాన్ గుహ మరో వింత. లావా పైన గట్టిపడి, లోపలిది జారిపోగా మిగిలిన ఒకటిన్నర కిలోమీటర్ల సొరంగం అది. దుమ్ములగొండ్లు ఈడ్చుకొచ్చిన ఒంటెల, గుర్రాల, మేకల ఎముకలు అందులో గుట్టలుగా ఉన్నాయి. మనుషుల పుర్రెల ముక్కలూ ఉన్నాయి. కొన్ని దాదాపు 7 వేల ఏళ్లనాటివని 2021లో తేల్చారు. ఎండా వానా తగలకుండా కాచింది ఆ లావా కప్పే.

మన ఊళ్లోనూ

ఇలాంటి నల్లరాయి మనకూ ఉంది. 6.6 కోట్ల ఏళ్లనాటి దక్కన్ లావా పొరల మధ్య, వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో దొరికిన బుల్లి క్షీరదం పళ్లను 1988లో ప్రపంచానికి చూపారు. డైనోసార్ల కాలంనాటి ఆ జీవి పేరు డెక్కనోలెస్టిస్. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిల్లోనూ రెండు లావా పొరల నడుమ సున్నపురాయిలో గవ్వలు దొరుకుతాయి.

ఆ పొరను బయటపెట్టేది క్వారీయే, పిండి చేసేదీ క్వారీయే. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు నల్లరాతి మధ్య తెల్లటి పొర కనిపిస్తే, ఫొటో తీసి దగ్గరి కాలేజీ జియాలజీ మాస్టారికి చూపిద్దాం. కంకరలో కలిసిపోయాక ఎవరూ తిరిగి తేలేరు.